ఎవరి పని కోసం పుట్టిన బండి?

ఆదివారం పూట కొండల్లోనూ వాగుల్లోనూ సరదాగా తోలుకోవడానికి బండి కొందామనుకునే కుర్రాళ్ళు ముందు రంగు చూస్తారు, తర్వాత టైర్లు చూస్తారు, ఆ తర్వాత ఎవడో బండిని గుంతలోకి దూకించిన వీడియో చూస్తారు. దాని పుట్టుక మాత్రం ఎవరూ అడగరు. మా నాన్న రంపచోడవరం సమితిలో జీపు డ్రైవరు. నేను బెజవాడ ఆటోనగర్లో మెకానిక్కుని, ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. జీపుల కిందే పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నా లెక్క ఒకటుంది. దారి లేని చోట నడిచే ప్రతి బండీ ఎవరిదో ఒక పని కోసం పుట్టిందే. ఆ పనేమిటో తెలిస్తే, అది మన ఆదివారానికి పనికొస్తుందో లేదో సగం తేలిపోతుంది.

మొదటి పని యుద్ధం. 1940 జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. నాలుగు చక్రాలకీ పవరు వెళ్ళాలి, ముగ్గురు మనుషుల్ని, 300 కిలోల సామానుని మోయాలి, బండి బరువు మాత్రం 590 కిలోలు దాటకూడదు, 49 రోజుల్లో నమూనా బండి తెచ్చి చూపించాలి. ఇంత తక్కువ గడువులో బండి తెచ్చి నిలబెట్టింది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. దాని నక్షా గీసింది కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజినీరు. సెప్టెంబరు 23న ఆ బండి హోలబర్డ్ సైనిక శిబిరానికి చేరింది. పాపం, బాంటమ్ వాళ్ళకి పెద్ద ఫ్యాక్టరీ లేదు. సైన్యం వాళ్ళ నమూనాని విల్లీస్‌కీ ఫోర్డుకీ చూపించింది. యుద్ధం అయ్యేలోగా తయారైన ఆరు లక్షల పైచిలుకు జీపులు దాదాపు అన్నీ ఆ రెండు కంపెనీలవే. 590 కిలోల షరతు ఎవరివల్లా కాలేదు. చివరికి యుద్ధానికి వెళ్ళిన విల్లీస్ బండి టన్ను దాటింది. అయినా ఆ రోజుల్లో అది తేలికైన బండే.

అందులో నన్ను ఇప్పటికీ ఆకట్టుకునేది రాడ్ల సంగతి. మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లు ఉండేవి. ఒకటి లాగితే ముందు చక్రాలకి కూడా పవరు వెళ్తుంది. రెండోది లో గేరు. అది వేస్తే ఇంజిను అంతే వేగంతో తిరుగుతున్నా చక్రాలు దాదాపు సగం వేగంతో తిరుగుతాయి, లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఎనభై ఏళ్ళు దాటినా ఈ ఏర్పాటుకి మించినది రాలేదు. రాడ్డు పోయి మీట వచ్చింది, కొన్నిట్లో బటను వచ్చింది. లోపల జరిగే పని అదే.

మన దేశానికి జీపు వచ్చిన కథలో ఒక హైదరాబాదు ముడి ఉంది. 1945 అక్టోబరు 2న లూథియానాలో మొదలైన కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఆ మహమ్మద్, అంటే మాలిక్ గులాం మహమ్మద్, అంతకుముందు నిజాం కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూసినవాడు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ నుంచి విడిభాగాలుగా వచ్చిన మొదటి 75 బండ్లు 1947 నాటివి. బొంబాయి మజ్‌గావ్‌లో వాటిని బిగించేవారు. 1954 నుంచి ఒక్కో భాగమూ ఇక్కడే తయారు చేయడం మొదలైంది.

ఈ మధ్యలోనే స్వతంత్ర భారతంలో మొదటిదని చెప్పుకునే కుంభకోణం కూడా జీపులదే. 1948లో కాశ్మీరులో యుద్ధం నడుస్తుండగా లండన్‌లో మన హైకమిషనరు వి.కె. కృష్ణమీనన్ సైన్యం కోసం 80 లక్షల రూపాయల ఒప్పందం చేశారు. బాగుచేసిన పాత జీపులు 2000 రావాలి. వచ్చినవి 155. అవి కూడా పనికి రావని సైన్యం తేల్చింది. సెకండ్ హ్యాండ్ బండిని ఫోటో చూసి బేరం ఖాయం చేసుకొచ్చే కుర్రాళ్ళకి నేను ఈ కథ చెబుతాను.

సైన్యం తర్వాత రెండో పని ప్రభుత్వానిది. పల్లెటూళ్ళలో జీపు అంటే తెలిసింది అప్పుడే. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది, బ్లాకులొచ్చాయి. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ వచ్చాక అవి సమితులయ్యాయి. సమితికి ఒక బీడీవో, ఆయనకో జీపు. మా నాన్న తోలింది అలాంటిదే. సీజే త్రీబీ, పెట్రోలు బండి. దాని బోనెట్ మిగతా జీపుల కంటే ఎత్తుగా ఉండేది, పొట్టివాళ్ళకి ముందు దారి కనపడేది కాదు. అందం కోసం ఎత్తు పెంచారనుకుంటారు చాలామంది. 1953లో విల్లీస్ వాళ్ళు బలమైన కొత్త ఇంజిను పెట్టారు. అందులో లోపలికి గాలి తీసుకునే వాల్వులు పైకి వచ్చాయి, ఇంజిను ఎత్తు పెరిగింది, పాత బోనెట్ కింద పట్టలేదు. అందుకని బోనెట్టే లేపేశారు. అమెరికాలో దాన్ని 1968లో ఆపేస్తే, మనవాళ్ళు ఆ రూపాన్ని ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు తయారు చేస్తూనే ఉన్నారు.

ఏజెన్సీలో ఆ జీపు ఎక్కనివాళ్ళు లేరు. బీడీవో గారు సరే, డీడీటీ కొట్టే మలేరియా వాళ్ళు, బ్యాలెట్ పెట్టెలు, పశువుల డాక్టరు, పురుడు కష్టమైన ఆడవాళ్ళు. మారేడుమిల్లి వైపు వానాకాలంలో పాములేరు, సోకులేరు పొంగితే బండి ఇవతలి గట్టున ఆగిపోవాల్సిందే. నీళ్ళు తగ్గుముఖం పట్టాక దాటడానికి మా నాన్నకో పద్ధతి ఉండేది. ముందు పంచె ఎగగట్టి వెదురు కర్రతో తనే వాగులోకి దిగేవాడు. నీళ్ళు మోకాలు దాటితే ఆ పూటకి ప్రయాణం లేదు. మోకాలి లోపు ఉంటే వెనక్కొచ్చి బోనెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టు వదులు చేసేవాడు. ఫ్యాను తిరిగితే నీళ్ళని తీసుకెళ్ళి డిస్ట్రిబ్యూటర్ మీద కొడుతుంది, పెట్రోలు బండి వాగు నడిమధ్యలో చచ్చిపోతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి గుడ్డ చుట్టి, లో గేరులో మొదటి గేరు వేసి, కాలు కదపకుండా ఒకే వేగంతో దాటించేవాడు. అవతలి గట్టున మళ్ళీ దిగి బెల్టు బిగించి, బ్రేకులు ఆరేదాకా నాలుగుసార్లు తొక్కి అప్పుడు బయల్దేరేవాడు. ఇప్పుడు 650 మిల్లీమీటర్ల నీళ్ళలో నడుస్తుందని కంపెనీ వాళ్ళు కాగితం మీద రాసిస్తున్నారు. కింద రాయి ఉందో గుంట ఉందో ఆ కాగితంలో ఉండదు. నా ముందు బండి కొన్న ఎవరికైనా నేను ఇచ్చే మొదటి సామాను వెదురు కర్ర.

ఆ జీపులో సుఖం లేదు. కమాను కట్టల మీద కూర్చున్న బండి రాయెక్కితే నడుం తెలిసేది. వెనక బెంచీల మీద కూర్చున్నవాళ్ళు పైకప్పు ఇనప కడ్డీలు పట్టుకుని వేలాడాల్సిందే. కానీ విప్పి బిగించడానికి రెండు మూడు స్పానర్లు, సుత్తి, జాకీ చాలు. చింతూరులో చెడిపోతే చింతూరులోనే బాగయ్యేది. ఇది చిన్న సంగతి కాదు. కొనేటప్పుడు కుర్రాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎవరూ అడగరు: అడవిలో చెడిపోతే దీన్ని ఎవరు బాగుచేస్తారు?

1973లో పెట్రోలు ధర ఒక్కసారిగా లేచింది. పెట్రోలు జీపు ఉన్న ప్రతి మనిషీ తల పట్టుకున్నాడు. మా ఆటోనగర్‌కి మంచి రోజులు వచ్చాయి. పెట్రోలు ఇంజిను దింపేసి డీజిలు ఇంజిను ఎక్కించడం ఒక పెద్ద పని అయిపోయింది. నేను పని నేర్చుకున్నది ఈ మార్పిళ్ళలోనే. ట్రాక్టరు ఇంజిను పెట్టించుకున్నవాళ్ళు ఉన్నారు, మ్యాటడోర్ ఇంజిను పెట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. ట్రాక్టరు ఇంజిను పెట్టిన జీపు ఊరి బయట ఉండగానే ఇంట్లోవాళ్ళు అన్నం వడ్డించేవారు, అంత చప్పుడు. ఇంజిను మౌంటింగులు ఛాసిస్‌కి అతకాలి, బెల్ హౌసింగ్‌కీ గేరు బాక్సుకీ మధ్య ప్లేటు లేతు మీద తిప్పించాలి, బరువు పెరిగింది కాబట్టి ముందు కమాను కట్టకి ఒక పట్టీ కలపాలి. కొలత నూలు పోగంత తప్పినా క్లచ్చు నెలలోనే పోతుంది. ఆ ప్లేట్లు తిప్పిన లేతు పనివాళ్ళకి ఏ డిగ్రీ లేదు. వాళ్ళలాంటి చేయి తర్వాత నేను చూడలేదు.

మహీంద్రా కూడా తన బండ్లకి మొదట ట్రాక్టరు వంశపు డీజిలు ఇంజిను పెట్టి, తర్వాత ఫ్రాన్సు ప్యూజో దగ్గర లైసెన్సు తీసుకుని 2112 సీసీ డీజిలు ఇంజిను తయారు చేసింది. ఆ ఇంజినుతో 1980లలో వచ్చిన ఎంఎం 540 బండిని మా షెడ్డులో ఇప్పటికీ వట్టి 'ఫైవ్ ఫార్టీ' అంటారు. వేగం లేదు. చచ్చేది కూడా కాదు.

అదే వంశంలో పొడుగు ఛాసిస్ బండి కమాండర్. దీని పని యుద్ధమూ కాదు, ప్రభుత్వమూ కాదు. బస్సు రాని ఊళ్ళకి బస్సు కావడం. పాడేరు, అరకు, మారేడుమిల్లి, ఆదిలాబాద్ దారుల్లో కంపెనీ పదిమందికని చెప్పిన బండిలో ఇరవై మంది, టాపు మీద పనస కాయలు, వెనక నిచ్చెన మీద ఇద్దరు. అవి చాలావరకు వెనక చక్రాలకి మాత్రమే పవరు వెళ్ళే బండ్లు. బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి రాళ్ళ దారిలో తీసుకెళ్ళే జీపుల్లో కూర్చుని చూడండి. ఎగువ నుంచి రాయి దొర్లినచోట ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో ఆ డ్రైవరు కిందికి వంగి చూడడు. దారి అతనికి కంఠతా వచ్చు. పాతిక లక్షల బండి తోలేవాళ్ళు అక్కడ ఆగి ఫోన్లో తీస్తుంటే, అతను ఆ రోజు రెండో ట్రిప్పు ముగించుకుని వస్తుంటాడు. దీన్ని బట్టి ఫోర్‌వీల్ అక్కర్లేదని కాదు. రోజూ అదే దారిలో వెళ్ళేవాడికి దారి తెలుసు, మనకి తెలియదు, అందుకని మనకి ఫోర్‌వీల్ కావాలి.

సినిమాల సంగతి కూడా చెప్పాలి. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక కొన్నేళ్ళపాటు మా షెడ్డుకి వచ్చిన ప్రతి కుర్రాడికీ సుమోయే కావాలి. తెర మీద గాల్లోకి లేచిన ఆ బండ్లలో చాలావాటికి ముందు చక్రాలకి పవరే ఉండదు. అది కుటుంబాలు పెళ్ళిళ్ళకి వెళ్ళే బండి. ఆ పని మటుకు బాగా చేసింది.

సైన్యం వాడి వదిలేసిన బండ్లది వేరే లోకం. జోంగా అని ఉండేది. జబల్‌పూర్ ఆయుధ కర్మాగారాల్లో 1969 నుంచి నిస్సాన్ పాట్రోల్ నమూనా మీద తయారు చేసిన బండి. నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిను. వేలంలో చవగ్గా వచ్చేది, పెట్రోలు పోయించేటప్పుడు అసలు ధర తెలిసేది. లాగే బలంలో దానికి సాటి లేదు, కానీ బురదలో ఒకసారి కూర్చుందంటే లేపడానికి ట్రాక్టరు రావాల్సిందే. బరువు సంగతి కుర్రాళ్ళకి అర్థం కావడానికి నేను జోంగా పక్కన జిప్సీని పెట్టి చెబుతాను.

మారుతి జిప్సీ 1985 డిసెంబరులో వచ్చింది. మొదట్లో దాని ఇంజిను 970 సీసీ మాత్రమే. ఫైవ్ ఫార్టీలకి అలవాటు పడ్డ మేం దాన్ని చూసి నవ్వాం. కుట్టు మిషను మోటారంత ఇంజినుతో కొండెక్కుతుందా అని. ఎక్కింది. బండి బరువు టన్ను లోపే. మెత్తటి నేల మీద మిగతావి కూరుకుపోయే చోట ఇది పైపైన తేలిపోయేది. దిగబడితే నలుగురు దిగి పక్కకి ఎత్తి పెట్టేవారు. 1940లో అమెరికా సైన్యం పెట్టిన బరువు షరతులో ఎంత తెలివి ఉందో నాకు అర్థమైంది జిప్సీని చూశాకే. మన సైన్యానికీ అర్థమైనట్టుంది, వేలకు వేలు కొన్నారు. తర్వాత 1300 సీసీ ఇంజిను వచ్చింది. 2019లో కొత్త భద్రతా నిబంధనలు రావడంతో షోరూముల్లో అమ్మకం ఆగిపోయింది. దాని వారసుడు అయిదు తలుపుల జిమ్నీ 2023లో వచ్చింది. బరువు ఇంచుమించు 1200 కిలోలు. అదే ఏడు దాని పక్కన నిలబడ్డ మహీంద్రా థార్ డీజిలు ఫోర్‌వీల్ బరువు 1700 పైనే.

   

ఇక ఇప్పటి బండ్లు. గూర్ఖా ఫోర్స్ వాళ్ళది. ముందూ వెనకా రెండు ఇరుసులకీ డిఫరెన్షియల్ లాకులు ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తారు. ఒక చక్రం గాల్లో తేలితే మామూలు బండిలో పవరంతా ఆ గాల్లో చక్రానికే పోయి అది వట్టినే తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. లాకు వేస్తే రెండూ కలిసి తిరగక తప్పదు. రాళ్ళ దారికి ఇంతకంటే కావలసిందేమీ లేదు. థార్ 2010లో ఫైవ్ ఫార్టీ వంశం నుంచే వచ్చింది, 2020 అక్టోబరులో పూర్తిగా మారిపోయింది. చలవ మిషను, తెర, మెత్తటి సీట్లు. అది మంచి బండి. కానీ 2023 జనవరి నుంచి వెనక చక్రాలకి మాత్రమే పవరు వెళ్ళే చవక థార్ కూడా అమ్ముతున్నారు. బయటికి చూస్తే రెండూ ఒకటే. 2024లో వచ్చిన అయిదు తలుపుల రాక్స్‌లో డీజిలు రకాల్లోనే ఫోర్‌వీల్ దొరుకుతుంది. షోరూములో అందరూ అడ్వాన్సు ఎంతో అడుగుతారు, లో గేరు మీట ఎక్కడుందో అడిగేవాళ్ళు తక్కువ.

మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. కిందటి సంక్రాంతికి వచ్చి, "మావయ్యా, థార్ తీసుకోమంటావా, జిమ్నీయా, పాత జిప్సీ పట్టుకోమంటావా?" అన్నాడు.

"ఏం పని చేయిస్తావురా దాంతో?" అన్నాను.

"పనేముంది? ఆదివారం అలా వెళ్ళొద్దామని."

"మిగతా ఆరు రోజులు?"

వాడి దగ్గర జవాబు లేదు. మిగతా ఆరు రోజులు అది గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఉంటుంది. ఆ ఆరు రోజుల కోసం పాత జిప్సీ పనికిరాదు. రాళ్ళ కోసం అయితే గూర్ఖా. మెత్తటి నేల, ఇసుక, ఇరుకు దారులైతే జిమ్నీ. బరువులూ దూరాలూ అయితే డీజిలు థార్. తనే నట్లు విప్పుకోగల ఓపిక ఉంటే ఫైవ్ ఫార్టీ. వీటిలో ఏదైనా సరే, టైర్లలో గాలి తగ్గించి మళ్ళీ కొట్టుకోవడానికి చిన్న పంపు, లాగడానికి తాడు, వెంట ఇంకో బండి లేకుండా బయల్దేరొద్దన్నాను.

పెద్ద టైర్లు వేయిస్తానన్నాడు, బండి ఎత్తు పెంచిస్తానన్నాడు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ పని మా షెడ్డులో చేయం అన్నాను. ఒకప్పుడు ఇంజిన్లే మార్చేసిన షెడ్డు ఇలా అనడం మా అబ్బాయికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇక ఎక్కడ తోలుతావన్నాను. రిజర్వు అడవిలోకి సొంత బండితో సరదాకి వెళ్తే కేసు. శ్రీశైలం దగ్గర ఇష్టకామేశ్వరికి వెళ్ళాలన్నా, అహోబిలంలో పావన నరసింహస్వామి దగ్గరికి వెళ్ళాలన్నా ఆ దారి అలవాటున్న జీపులో వెళ్ళడమే నయం. ముందు అలాంటి జీపులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వెళ్ళిరా, రానూ పోనూ అతని ఎడం చేయి చూడు, తర్వాత డబ్బు ఖర్చు పెట్టు అన్నాను. తెలిసినవాళ్ళ తోటలో, అనుమతి ఇచ్చిన బీడు భూముల్లో నేర్చుకోమన్నాను.

ఉగాదికి వచ్చినప్పుడు పావన నరసింహస్వామిని చూసొచ్చామని చెప్పాడు. ముందు సీట్లో కూర్చున్నది మాత్రం వాడు కాదట, వాళ్ళావిడ. ఏ బండైనా తను ఘాట్ రోడ్డు మీద తోలి చూశాకే అడ్వాన్సు కట్టాలని ఆ అమ్మాయి చెప్పిందట. జిమ్నీకి, థార్‌కి ఇద్దరూ పేర్లు రాయించారు, టెస్ట్ డ్రైవ్ ఊళ్ళోనే ఇస్తామంటున్నారట షోరూము వాళ్ళు. అనంతగిరి దాకా ఇవ్వకపోతే వద్దని ఆ అమ్మాయి ఇంకా బేరమాడుతోంది.